గ్యాసు బాబాయి సన్మానం

ముప్పయ్యేళ్లుగా ఫ్రిజ్‌లు బాగుచేస్తున్న గ్యాసు బాబాయికి మెకానిక్కుల సంఘం సన్మానం తలపెట్టింది. ఆయన ఉబ్బితబ్బిబ్బై, షాపులో అటూ ఇటూ తిరుగుతూ ఉపన్యాసం బట్టీపడుతుండగా అన్న కూతురు వచ్చింది. ఆమె వాతావరణ కేంద్రంలో పనిచేస్తుంది. బెలూన్లు ఎగరేసి పైన ఓజోన్ ఎంతుందో కొలుస్తుంది.

"విను. 'నేను విప్పని ఫ్రిజ్ లేదు, వదలని గ్యాసు లేదు!' ఎలా ఉంది?"

"ఎక్కడికి వదిలావు బాబాయ్?"

"ఎక్కడికేమిటే? గాల్లోకి. పైపు కోస్తే బుస్సుమని అదే పోతుంది."

"అలా పోయిన పాత గ్యాసే ఓజోన్ పొరకి చిల్లు పెట్టింది. దక్షిణ ధ్రువం మీద పైగాలి చల్లబడి, కింద వీచే పెద్ద గాలులు అటువైపు జరిగాయి. వాటి వెంటే వానలూ జరిగాయి. పైగా ఆ గ్యాసు కార్బన్ డయాక్సైడ్ కంటే వేల రెట్లు వేడి పట్టి ఉంచుతుంది."

బాబాయి ముఖం మాడిపోయింది. "అదంతా నా ఒక్కడి నిర్వాకమేనా?"

"నీలాంటి ఘనులు లోకం నిండా ఉన్నార్లే. దేశాలన్నీ కలిసి దాని తయారీ ఆపించాక చిల్లు మెల్లగా పూడుతోంది. గాలుల జరుగుడూ ఆగింది. లేకపోతే ఇంకా ఉడికేవాళ్లం."

"హమ్మయ్య! ఇప్పుడు వాడేది కొత్త గ్యాసేగా?"

"అది పొర జోలికి పోదు. వేడి మాత్రం బాగానే పట్టి ఉంచుతుంది. దాన్నీ వదిలేస్తున్నావా?"

బాబాయి ఉపన్యాసం కాగితం నలిపి జేబులో కుక్కుకున్నాడు.

సాయంత్రం సభలో అధ్యక్షుడు ఆయన్ని ఆకాశానికెత్తేశాడు. బాబాయి మైకు లాక్కున్నాడు.

"అక్కడికి ఎత్తకండి, అక్కడ నా పరువు బాగాలేదు! ఓజోన్‌కి చిల్లు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. గ్యాసు గాల్లోకి పోకుండా సిలిండర్‌లోకి పట్టడానికి సంఘం కొన్న యంత్రం ఏదీ?"

యంత్రం అధ్యక్షుడి ఇంటి వరండాలో ఉంది. దాని మీద వాళ్లావిడ పూలకుండీలు పేర్చింది.

బాబాయి అప్పటికప్పుడు దాన్ని తెప్పించాడు. మట్టి దులిపి, హాల్లో పాడైపడి ఉన్న ఫ్రిజ్‌కి గొట్టాలు తగిలించాడు. గ్యాసంతా చప్పుడు లేకుండా సిలిండర్‌లోకి చేరింది. కుర్రకారు ఈలలు వేశారు. సన్మానం మాట అందరూ మరిచిపోయారు, ఒక్క అధ్యక్షుడు తప్ప. ఆయన అలిగి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి యంత్రం బాబాయి షాపులోనే ఉంది. దానికోసం వచ్చేవాళ్లకి ముందు తిట్లు, తర్వాత పాఠం. వారం తిరక్కుండానే అధ్యక్షుడూ వచ్చి, బుద్ధిగా రెండూ తిన్నాడు.