నక్షత్రం ఎవరు?

రెబెక్క కథలన్నీ రైల్లోనే పుట్టాయి. ఇల్లు తాండూరులో, ఉద్యోగం వికారాబాద్‌లోని ఒక రక్తపరీక్షల ల్యాబులో. పొద్దున కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, ఫోన్ తీసి కథల యాప్‌లో సీరియల్ రాసుకునేది. బస్సు కండక్టర్ కరుణకూ, నాపరాళ్ల లారీ నడిపే కుమారస్వామికీ మధ్య ప్రేమకథ అది. చదివేవాళ్లు బాగానే ఉన్నారు.

ఆమెకు ఒకటే దిగులు. మాట్లాడేటప్పుడైతే కావలసిన మాటను ఒత్తి పలుకుతుంది, అదీ చాలకపోతే బల్ల చరుస్తుంది. రాతలో ఆ చరుపు ఎలా వినిపించాలి? వాట్సాప్‌లో మాటకు అటొకటి ఇటొకటి నక్షత్రం గుర్తు పెడితే అక్షరాలు లావవుతాయి కదా అని ఇక్కడా పెట్టింది. ఈ యాప్‌లో అక్షరాలు లావు కాలేదు. నక్షత్రాలు నక్షత్రాల్లాగే మిగిలిపోయాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయనుకుని ఇంకా పెట్టింది.

"ఇదేందే, పేజీకి అమ్మవారు పోసినట్టున్నది!" అంది ల్యాబులో ఆమె పక్కన కూర్చునే పూజిత. ప్రతి భాగమూ మొదట చదివేది ఆమే. "ఇన్ని మాటలు ఒత్తితే ఇగ ఒత్తనిదేది?"

"ఒత్తకుంటే చదివేటోళ్లకు ఎట్ల తెలుస్తది?"

"వాళ్లకు తెలివి లేదా? నువ్వు పక్కన నిలవడి మోచేత్తోని పొడుస్తున్నట్టున్నది."

ఆ మాట గుచ్చుకుంది. "అయితే చదవకు పో," అనేసింది రెబెక్క. ఆ రోజు ఇద్దరూ టిఫిన్లు వేరువేరుగా తిన్నారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, అమ్మమ్మ శాంతవ్వ పక్కింటి రామమ్మను పిలిచి అరుగు మీద ఫోన్ పెట్టుకుని కూర్చుంది. శాంతవ్వకు చదువు రాదు. ఫోన్ చేత కథలు చదివించుకోవడం మాత్రం ఈమధ్యే నేర్చింది. మనవరాలి సీరియల్ మొదటినుంచీ వింటోంది.

"బిడ్డా, జర చెప్పు. గా నక్షత్రం ఎవతె?"

"ఏ నక్షత్రం అమ్మమ్మా?"

"నీ కథల నక్షత్రమే. కుమారస్వామి నోరు తెరిస్తే చాలు, నడుమల జొర్రుతది. కరుణ మాట్లాడినా గదే పని. మనిషి మాత్రం కనవడది."

"మొదటి పెండ్లాం గావొచ్చు," అంది రామమ్మ. "సచ్చిపోయి గూడ ఇడుస్తలేదు."

రెబెక్క ఫోన్ అందుకుని మళ్లీ నొక్కింది. యంత్రం గొంతు నింపాదిగా చదివింది: "నేను నక్షత్రం నీకోసం నక్షత్రం రాలేదు."

రెబెక్క కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి చతికిలబడ్డాక సిగ్గేసింది. వానలో కుమారస్వామి ఎదుట నిలబడి కరుణ అనే మాట అది; సీరియల్ మొత్తంలో తను ప్రేమగా రాసుకున్న వాక్యం అదే.

"నవ్వుతవేందే? గామె గురించి మేం మస్తు పరేషాన్ అయితున్నం."

"గట్లాంటి మనిషే లేదమ్మమ్మా. గది గుర్తు. మాటను ఒత్తి చదవాలని పెట్టిన."

శాంతవ్వ నమ్మలేదు. "లేని మనిషిని ఇన్నిసార్లు పిలుస్తరా?"

సోమవారం రైల్లో రెబెక్క నక్షత్రాలన్నీ పీకేసింది. వాటి బదులు కొటేషన్లు పెట్టింది. కుమారస్వామి "మంచివాడు" అని ఉంటే, "అంటే కాదనేనా అక్కా?" అని ఒక పాఠకురాలు అడిగింది. సరే, దీర్ఘాలు తీసి చూద్దామని "రాలేదూఊఊ" అని రాస్తే యంత్రం గొంతు కుక్క ఏడ్చినట్టు ఏడ్చింది. ఇక లాభం లేదనుకుని, మధ్యాహ్నం రెండు జొన్నరొట్టెలు పూజిత డబ్బా మూతలో పెట్టింది.

"ఒక్క వాక్యం చూడవే."

"నేను నీకోసం రాలేదు," అని పూజిత చదివింది. 'నేను' ఒత్తింది. ఇంకెవరో వచ్చినట్టుంది. 'రాలేదు' ఒత్తింది. వానలో ఎదురుగా నిలబడ్డ మనిషి రాకపోవడమేమిటి?

"ఇంతకూ కరుణ ఎందుకొచ్చింది?"

"ఆయన టిఫిన్ డబ్బా బస్సుల మర్సిపోయిండు. ఇచ్చిపోదామని."

"గా డబ్బా కోసం రాళ్ల గని దాంక, వానల?"

రెబెక్క నవ్వింది. "ఆయన కోసమే. పైకి మాత్రం డబ్బా."

రొట్టెలు ఆరిపోతున్నా ఆ వాక్యాన్ని ఇద్దరూ అటు తిప్పారు, ఇటు తిప్పారు. చివరికి కరుణ డబ్బా కుమారస్వామి చేతిలో పెట్టి, "నీకోసమైతే రాలేదు" అంది. ఆ 'అయితే'లో ఆమె మనసంతా బయటపడిపోయింది. పూజిత చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాతి ఆదివారం అరుగు మీద రెండు మొహాలూ వాడిపోయి ఉన్నాయి.

"నక్షత్రాన్ని ఏం జేసినవే?" అంది శాంతవ్వ. "ఒక్క మాట చెప్పకుండ మాయం జేస్తివి!"

రామమ్మ చాయ్ కూడా ముట్టలేదు. రెబెక్క లోపలికి పోయి పూజితకు ఫోన్ చేసింది. అంతా విని పూజిత, "ఫికర్ జెయ్యకు. నిజంగనే తీస్కరా," అంది.

తర్వాతి భాగంలో బంట్వారం దగ్గర ఒక ఆడమనిషి గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని కరుణ బస్సెక్కింది. పేరు నక్షత్రం. గొర్రెపిల్లకు టికెట్ తీసుకోనంది, కండక్టర్ చీర బాగాలేదంది, ఎవరూ అడగకుండానే "కుమారస్వామిని నమ్మనే నమ్మకు" అని కూడా చెప్పింది. యాప్‌లో పాఠకులు మురిసిపోయారు.

శాంతవ్వ మాత్రం మొహం ముడుచుకుంది.

"గింత నోరున్నదా దీనికి? మాటల నడుమల తిరిగినప్పుడే మంచిగుండె."

"దింపేద్దునా మరి?"

"ఆగు," అంటూ శాంతవ్వ ఫోన్‌ను చెవి దగ్గరికి లాక్కుంది. "గొర్రెపిల్లకు టికెట్ కొట్టిందో లేదో, జర ఇననియ్యి."