మేస్త్రీ నడుము

షెడ్డులో అందరూ ఆయన్ని మేస్త్రీ అనేవారు. ఇరవై రెండేళ్ళుగా వ్యాన్ల కింద వెల్లకిలా పడుకొని, గేరుబాక్సులు గుండెల మీదికి దించుకున్న మనిషి. ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలడు. తన నడుముకే రోగం వచ్చాక మాత్రం ఎవరి మాటా నమ్మలేకపోయాడు.

దానికో కారణం ఉంది. కుర్రతనంలో పనిచేసిన షెడ్డులో యజమాని, బాగున్న సామానును కూడా "పోయిందండీ, మార్చాల్సిందే" అని చెప్పమనేవాడు. మేస్త్రీ చెప్పేవాడు. బండివాళ్ళు తలూపేవాళ్ళు. లోపలున్నది చూడలేని మనిషిని ఏమైనా నమ్మించవచ్చని అప్పుడే తెలిసిపోయింది.

అందుకే ఆసుపత్రిలో, వెలుగుతున్న పలక మీద తన వెన్నెముక ఫోటోను కళ్ళు చికిలించి చూశాడు.

"ఇది నాదేనని గ్యారంటీ ఏంటండీ?"

భార్య మోచేత్తో పొడిచింది. డాక్టరమ్మ నవ్వలేదు. ఫోటో మూలనున్న పేరూ వయసూ చూపించింది. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ ఒకటి పక్కకు జారి, కుడికాలికి వెళ్ళే నరాన్ని నొక్కుతోందని చెప్పింది.

"ఆపరేషన్ చేస్తే కాల్లోకి దిగే నొప్పి త్వరగా తగ్గొచ్చు. చెయ్యకపోయినా చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. వ్యాయామాలు చేస్తూ ఆగి చూడొచ్చు. మీరేమంటారు?"

"నన్నడుగుతారేంటమ్మా?"

"నడుము మీది కదా. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పాదంలో బలం తగ్గినా, మూత్రం దగ్గర తేడా వచ్చినా ఆ రోజే రావాలి. రేపు అనొద్దు."

మెట్లు దిగుతూ మేస్త్రీ పెదవి విరిచాడు. "చూశావా? నీ ఇష్టం అంటోంది. ఇందులో ఏదో ఉంది."

"కోస్తానంటే దొంగ, ఆగమంటే దొంగ. ఇంకావిడ ఏం చెయ్యాలండీ, పాట పాడాలా?" అంది భార్య.

ఈ సంగతి విని ఆమె అన్నగారు పరుగున వచ్చాడు. "కత్తి పడ్డాక నడుము మళ్ళీ నడుము కాదు బావా" అని, తనకు మెడ పట్టేస్తే మర్దనా చేసి సరిచేసిన నరాలాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇరుకు గది, ఒక బల్ల, గోడవారన పేరు లేని సీసాలు. నరాలాయన బొటనవేళ్ళు స్పానర్లలా ఉన్నాయి.

"ఇదేం నూనె?"

"నూనే."

"అంటే దేనిది?"

"పడుకో బాబూ. నువ్వు తాగబోవట్లేదుగా."

మేస్త్రీ కాస్త నూనె జేబురుమాలుకి అంటించుకొని ఇంటికొచ్చి వాసన చూశాడు. ఏమీ తేలలేదు. అయినా మూడు వారాలు వెళ్ళాడు. నొప్పి నిజంగానే తగ్గింది. డాక్టరమ్మ మీద గెలిచినట్టు మీసం దువ్వుకున్నాడు.

ఈలోగా ఇంకోటి మొదలైంది. నడుస్తూంటే కుడి చెప్పు దానంతటదే జారిపోతోంది. మెట్టెక్కితే బొటనవేలు తట్టుకుంటోంది. చెప్పులు సాగాయనుకుని కొత్తవి తెచ్చాడు. వాటిలోనూ కుడిదే జారింది. మడమ వెనక పట్టీ కుట్టించుకున్నాడు. డాక్టరమ్మ మాట గుర్తురాక కాదు. గుర్తొచ్చింది గనకే ఎవరికీ చెప్పలేదు.

"కొత్త చెప్పుకి పట్టీ ఏంటండీ?" అంది భార్య.

"ఇప్పుడిదే ఫ్యాషను."

చొక్కాకి ఊడిన గుండీ కూడా కుట్టించుకోని మనిషి ఫ్యాషను గురించి మాట్లాడేసరికి ఆమె ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది.

నాలుగో వారం నరాలాయన మర్దనా మధ్యలో ఆపి, "పాదం పైకెత్తు" అన్నాడు.

"ఎత్తాగా."

"ఎత్తలేదు. చూసుకో."

ఎడమ పాదం లేచింది. కుడిది ఎవరిదో అన్నట్టు పడి ఉంది. నరాలాయన చేతులు తుడుచుకున్నాడు. "ఇది నా చేతుల్లో పని కాదు. ఆపరేషన్ డాక్టరు దగ్గరికి పో. ఇవాళే."

మేస్త్రీ చివాల్న లేచాడు. "ఆ డాక్టరమ్మకి నువ్వేమవుతావు?"

"ఏ డాక్టరమ్మ?"

"నాటకాలొద్దు. ఇద్దరూ ఒకే మాట ఎలా అంటారు?"

నరాలాయన తలుపు తీసి పట్టుకున్నాడు. "ఆవిడ కాకపోతే ఇంకొకరు. పోవడం మాత్రం పో."

మేస్త్రీ పోలేదు. మర్నాడు మధ్యాహ్నం షెడ్డులో ఒక వ్యాను వెనక్కి తీస్తున్నాడు. వెనకాల రంగులాయన చిన్న పీట మీద కూర్చుని తలుపు రేకు రుద్దుతున్నాడు. వ్యాను కదలడం చూసి లేచి పక్కకు తప్పుకున్నాడు, పీట తీసుకోలేదు. మేస్త్రీ కాలు బ్రేకు మీదికి లేపబోతే పాదం లేవలేదు, వేళ్ళు పెడలు కిందే చిక్కుకున్నాయి. వ్యాను పీటను నుజ్జు చేసి గోడకు గుద్దుకుంది.

రంగులాయన పరుగెత్తుకొచ్చి, "బ్రేకు పోయిందా మేస్త్రీ?" అంటూ వంగి చక్రాల కిందికి చూడబోయాడు.

ఔనంటే సరిపోయేది. అందరూ నమ్మేవాళ్ళు. మేస్త్రీ కిందికి దిగి ఆ నుజ్జయిన పీటను చేతిలోకి తీసుకున్నాడు.

"బ్రేకు బాగానే ఉంది. పోయింది నా కాలు."

ఆ సాయంత్రమే భార్యతో డాక్టరమ్మ ముందు కూర్చున్నాడు. ఎన్నాళ్ళయిందని ఆవిడ అడిగితే, "వారం... పది రోజులు" అని నసిగాడు.

"పదిహేడు. పట్టీ కుట్టించిన రోజు నాకు తెలుసు" అంది భార్య.

"ఆపరేషన్ చేస్తే కాలు మళ్ళీ మామూలుగా వస్తుందా అమ్మా?"

"చెప్పలేను. ముందే రావాల్సింది. కొంత రావచ్చు, అంతా రాకపోవచ్చు."

ఇన్నాళ్ళలో మేస్త్రీ నమ్మిన మొదటి మాట అది. గ్యారంటీ ఇచ్చి ఉంటే లేచి వెళ్ళిపోయేవాడే. అయినా సంతకం పెట్టేముందు, "తీసిన ముక్క నాకు చూపించాలి" అన్నాడు.

మర్నాడు ఆపరేషన్ అయ్యాక చూపించారు. సీసాలో గోరంత తెల్లటి పీచు.

"ఇంతేనా?" అన్నాడు మత్తులో. ఎవరో మోసం చేసినట్టే ఉంది ఆయనకి.

కాల్లోకి దిగే నొప్పి మళ్ళీ రాలేదు. పాదం మాత్రం నెలల తరబడి వ్యాయామాలు చేయిస్తే కొంచెం కొంచెంగా లేచింది. ఎక్కువసేపు కూర్చుంటే నడుము ఇప్పటికీ పట్టేస్తుంది. బళ్ళు నడపడం మానేసి, బల్ల దగ్గర నిలబడి చేసే పనులు తీసుకున్నాడు.

కాలు కాస్త కుదురుకున్నాక నరాలాయన దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఎవరి భుజమో నొక్కుతున్నాడు. పని అయ్యేదాకా మేస్త్రీ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఆ రోజు నోరు జారాను. ఆ డాక్టరమ్మకి నువ్వేమవుతావని అడిగాను."

"అదా" అన్నాడు నరాలాయన. "ఇంటికెళ్ళి ఆ మాట నవ్వుతూ మా ఆవిడతో చెప్పాను బాబూ. అప్పట్నుంచి ఆవిడా అదే అడుగుతోంది."