అక్క ఉన్ని చెప్పులు

చలి మొదలైన రోజున ఆమె బీరువా కింది అరలోంచి ఉన్ని చెప్పులు తీసి చిన్నకూతురి కాళ్లకు తొడిగింది. అవి పెద్దకూతురివి. పెద్దది జ్వరంతో పోయి రెండేళ్లయింది. ఆ చెప్పులను ఆమె ఎండలో దులిపి, లోపల కాగితాలు కుక్కి, పురుగు పట్టకుండా దాస్తూనే ఉంది. ఉతకలేదు. లోపలి అడుగున అయిదు వేళ్ల గుంటలూ అలాగే ఉన్నాయి.

"కొలత తీసినట్టున్నాయి" అంది అత్తగారు. "కొత్తవి కొంటే మూణ్ణెల్లకే బిగుతైపోతాయి. మీ ఆయనా అంతే, చిన్నప్పుడు వాడు తిన్న తిండంతా కాళ్లకే పోయేది."

వారం తిరిగేసరికి, వంటింట్లో ఉన్న ఆమెకు నడవలోంచి ఆ చప్పుడు వినిపించింది. తప్, సర్ర్. తప్, సర్ర్. పెద్దది ఎడమకాలు కాస్త ఈడుస్తూ నడిచేది. ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. తొంగి చూస్తే చిన్నది, బొమ్మను చంకనేసుకుని వస్తోంది. అక్క పోయేనాటికి దానిది ఆ నడక గుర్తుండే వయసు కాదు.

ఆ రోజు నుంచి ఆమెకు కావలసినవన్నీ పక్కగదిలోనే ఉండిపోయేవి.

"కళ్లజోడు తెచ్చిపెట్టవే, తల్లీ."

అది తెచ్చాక దువ్వెన. దువ్వెన అయ్యాక కత్తెర. చిన్నది నడిచినంతసేపూ ఆమె గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని వినేది. పెదవులమీద నవ్వు తనకు తెలియకుండానే వచ్చేది; దగ్గరికొచ్చిన చిన్నది ఆ నవ్వుకేసి చూసేది.

"పిల్లని పోస్టుమాన్‌ని చేసేశావు గదే" అంది అత్తగారు ఒకరోజు. తర్వాత గొంతు తగ్గించింది. "అది కుంటుతోందమ్మాయ్. చూడట్లేదా, చూసీ చూడనట్టుంటున్నావా?"

ఆ సాయంత్రం స్నానం చేయిస్తుంటే చిన్నదాని ఎడమ మడమ పక్కన బొబ్బ కనిపించింది.

మర్నాడు చెప్పుల దుకాణంలో, అమ్మకాలు చూసే ఆవిడ పాతచెప్పులో చెయ్యిపెట్టి తడిమింది.

"ఇవి ఇంకో పిల్ల కాలికి అలవాటుపడ్డవమ్మా. ఎడమది ఒక పక్క అరిగింది. ఈ పిల్ల కాలు ఆ గుంటలోకి ఒరిగిపోతోంది. ఇంకొన్నాళ్లు వేస్తే ఆ నడకే ఉండిపోతుంది."

పిల్లను కాగితంమీద నిలబెట్టి పాదాల చుట్టూ గీసింది. రెండింట్లో కాస్త పెద్దగా ఉన్న పాదానికి బొటనవేలి వెడల్పు జాగా వదిలి, జారకుండా అడుగున రబ్బరున్న జత తీసింది.

"గోరువెచ్చని నీళ్లలోనే ఉతకండి. వేన్నీళ్లు తగిలితే ముడుచుకుపోతాయి. పాతవి పారేయమంటారా?"

"వద్దు" అంది ఆమె.

ఇంట్లో ఉంటే మళ్లీ ఏదో ఒక రోజు తనే వాటిని చిన్నదానికి తొడుగుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇంటికి రాగానే బకెట్‌లో మరుగునీళ్లు పోసి పాతజతను ముంచి, కర్రతో కలియతిప్పింది. తీసేసరికి అవి పిడికిలంత అయ్యాయి. వేలు పెట్టి చూసింది. గుంటలు లేవు. అక్కడే కూలబడింది.

గుమ్మంలో చిన్నది ఎప్పటినుంచి నిలబడి ఉందో.

"తువ్వాలు తేవే" అంది ఆమె ముఖం తిప్పుకుని.

కొత్తచెప్పులు చప్పుడు చేయకుండా వెళ్లాయి. తిరిగి వచ్చేటప్పుడు వినిపించింది. తప్, సర్ర్. తప్, సర్ర్.

ఆమె వెనక్కి తిరిగింది. చిన్నది తువ్వాలు గుండెకు హత్తుకుని, ఎడమకాలు పనిగట్టుకుని ఈడుస్తూ, అమ్మ పెదవులకేసి చూస్తూ వస్తోంది.

"వీటికి ఆ చప్పుడు రావట్లేదమ్మా, నేనే చేస్తున్నా" అంది. "వినిపిస్తోందా?"