చేతుల మీద కూర్చునే టీచరు

మేకుల డబ్బా చాప మీద కుమ్మరించి, వంకరపోయినవాటిని ఏరుతోంది సుత్తి టీచరు. ఆ పేరు పిల్లలు పెట్టిందే. ఆమె తరగతిలో నాలుగేళ్ళవాళ్ళు నిజం సుత్తితో చెక్కపలకల్లో మేకులు దిగగొట్టి, వాటి చుట్టూ రంగుదారాలు అల్లి చేపలూ సూర్యుళ్ళూ చేస్తారు. ఉద్యోగంలో ఆమెకిది ఆఖరి రోజు. రేపటినుంచి ఈ గది కొత్త టీచరుది.

"ఇవాళ ఒక్కళ్ళకి దెబ్బ తగిలినా రేపట్నుంచి ప్లాస్టిక్ సుత్తులే. అమ్మానాన్నలకి జవాబు చెప్పుకోలేక చస్తున్నా," అంది హెడ్మిస్ట్రెస్ పొద్దున్నే వచ్చి.

"ప్లాస్టిక్ దానితో మేకు దిగదండీ. విసుగొచ్చి పక్కవాడి నెత్తిన కొడతారు."

పిల్లలు సుత్తులు అందుకోగానే ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

"చలేస్తోందా అమ్మా?" అంది పని చూడ్డానికి వచ్చిన కొత్త టీచరు.

"లేదు తల్లీ. నా చేతులు నాకన్నా ముందు పరిగెడతాయి. వాటిని నమ్మి వదల్లేను. పిల్లల్నైతే వదలగలను."

ఏళ్ళ తరబడి అలా కూర్చుని ఆమె అరచేతులు కాయలు కాశాయి.

ఏడాదంతా పక్కవాళ్ళకు దారాలందిస్తూ గడిపిన పిల్ల, అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల, ఇవాళ తనంతట తానే సుత్తి పట్టింది. టక్. టక్. మూడో దెబ్బ బొటనవేలి మీద పడింది.

కొత్త టీచరు లేవబోయింది. "ఉండు," అంది సుత్తి టీచరు. తొడల కింద ఆమె పిడికిళ్ళు బిగుసుకున్నాయి. గుమ్మంలో హెడ్మిస్ట్రెస్ నిలబడి ఉంది.

వేలు నోట్లో పెట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో చూసింది పిచ్చుక.

"వేలు వంచు. వంగుతోందా?"

"ఊఁ."

"నన్ను రమ్మంటావా?"

పిల్ల కాసేపు ఆలోచించి, తల అడ్డంగా ఊపింది. ముక్కు ఎగబీల్చి, దారాల బుట్టలోంచి బట్టల క్లిప్పు తీసి, మేకును దాంతో పట్టుకుంది. నాలుగు దెబ్బలకు మేకు దిగింది. అప్పుడు పక్కవాడి వైపు తిరిగింది.

"ఒరేయ్, వేలితో పట్టుకోకు. సుత్తికి కళ్ళుండవు."

హెడ్మిస్ట్రెస్ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆ క్లిప్పులు ఇంకో డజను తెప్పిద్దామా టీచరుగారూ?"

సుత్తి టీచరు తలూపింది.

సాయంత్రం సుత్తులు తుడిచి గూట్లో సర్దింది. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, "వెళ్ళొస్తా తల్లీ," అంది రోజూ అన్నట్టే.

కొత్త టీచరు గది ఊడుస్తూ పీటను పక్కకు జరపబోయి ఆగింది. దాని ఆకుపచ్చ రంగు ఎక్కడికక్కడ చెక్కుచెదరకుండా ఉంది, రెండు అరచేతుల మేర తప్ప.