వెనక తలుపు గడియ

మణెమ్మ ఓట్సు జావను చెంచాతో తీసి, ఊది, హార్‌గ్రీవ్ గారి నోటికి అందించింది. తొంభై ఎనిమిదేళ్ల ఆ పెదవులు రెండు చెంచాలకే మూసుకుపోయాయి. సబ్బునీళ్లకు పగిలిన వేళ్లతో ఆయన గడ్డం తుడిచింది.

"వెనక తలుపు గడియ వేశావా?" అని ఇంగ్లీషులో అడిగారాయన. రోజూ అడిగేదే. ఆయన ఐదేళ్ల పిల్లాడుగా ఉన్నప్పుడు, పనుల్లేక దేశమంతా అల్లాడుతున్న రోజుల్లో, బ్యాంకు యజమాని అయిన తండ్రిని ఎత్తుకుపోవడానికి నలుగురు ఆ తలుపులోంచే వచ్చారట. కుక్క మొరిగేసరికి పారిపోయారట. అప్పటి నుంచీ నాటింగ్‌హామ్‌లోని ఈ ఇంటి కిటికీలకు ఇనుప ఊచలు. ఆయనా పెరిగి అదే బ్యాంకు నడిపారు గానీ, ఊచలు మాత్రం తీయించలేదు.

"వేశాను సార్," అంది మణెమ్మ. మూడేళ్లలో ఆయనతో ఆడిన మొదటి అబద్ధం. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

గడియ పొద్దున్నే తీసేసింది. ముసలాయన్ని చూసుకోవడానికి ఆమెను పంపిన కేర్ కంపెనీలో, ఎవరికి ఏ ఇంట్లో డ్యూటీయో రోటా వేసే మహేశ్ నిన్న ఫోన్లో తేల్చి చెప్పాడు.

"అక్కా, రేపు రెండింటికల్లా గడియ తీసుంచు, అంతే. ముసలాయన్ని వ్యాన్లో ఎక్కించి రెండ్రోజులు దాస్తాం. ఆయన కొడుకు డబ్బులిస్తే వదిలేస్తాం. కాదన్నావా, నీ వీసాకి కంపెనీ ఇచ్చిన స్పాన్సర్‌షిప్ పోద్ది. మళ్లీ నరసరావుపేటెళ్లి మిరపకాయలు కోసుకుందువుగాని."

ఊచలు ఆయన ఒక్కరికే కాదు, మణెమ్మకూ ఉన్నాయి. ఆమెవి వీసాలో ఉన్నాయి.

రెండు కావడానికి పది నిమిషాలుంది. హార్‌గ్రీవ్ గారు ఆమె వేలు పట్టుకుని నిశ్చింతగా కళ్లు మూసుకున్నారు. ఆ నిశ్చింతే ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు. వీసా పోతే పోనీ అనుకుని, గడియ వేయడానికి లేచింది. వేలు విడిపించుకోవాల్సిన పని లేకపోయింది. ఆయన పట్టు ఎప్పుడో సడలింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. ఊపిరి లేదు.

అప్పుడే వెనక తలుపు కిర్రుమంది. మహేశ్ మేజోళ్లతో, చప్పుడు లేకుండా గదిలోకి వచ్చాడు.

"పోయారు మహేశూ," అంది మణెమ్మ ఏడుస్తూ. "తలుపేసే ఉందనుకుని పోయారు."

అతను మంచం వైపు ఒక్కసారి చూసి, ముందు తలుపు తీసుకుని వీధిలోకి పరుగెత్తాడు.

మణెమ్మ ఆయన డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేసింది. తర్వాత పోలీసులకు చేసింది. గడియ తీసింది తానేనని కూడా చెప్పింది. చెప్పాక, ఆయనతో అన్న మాట నిజం చేయడానికి వెళ్లి వెనక తలుపు గడియ వేసింది.

మనిషిని ఎత్తుకుపోవడానికి వచ్చినా, పరాయింట్లోకి బూట్లతో రాలేకపోయాడు మహేశ్. గుమ్మానికి ఇవతల, గోడవారగా, జత చెదరకుండా విడిచిన అతని నల్ల బూట్లు అక్కడే ఉన్నాయి.