వచ్చిందని చెప్పింది

"నీ డేటెప్పుడు?" అని అడిగాడు మీరావలి, ఫోను చేతిలో పట్టుకునే.

గౌసియా అప్పుడు అత్తగారి కింద తడిసిన దుప్పటి లాగుతోంది. ఒక చేత్తో ముసలామెను గోడవైపు ఒత్తిగిలించి పట్టుకుని, రెండో చేత్తో దుప్పటి చుట్ట చుడుతోంది. దేని డేటో ఆమెకు వెంటనే తట్టలేదు. గ్యాసు బుక్ చేసిన డేటా, పిల్ల పరీక్షల డేటా అనుకుంటూ తల తిప్పి చూసింది. "అదే, నీ నెల డేటు. టూరు గఫార్ గారు లైన్లో ఉన్నారు, తెలిస్తే చెప్పమంటున్నారు" అన్నాడు విసుగ్గా. ఎక్కడో విజయవాడలో, ఆమె మొహమైనా చూడని ఒక పెద్దమనిషి, ఆమె సమాధానం కోసం ఫోనులో కాచుకుని ఉన్నాడు. గౌసియా గొంతు తగ్గించి చెప్పింది. మీరావలి దాన్నే గట్టిగా చెప్పి, "అయితే సరిగ్గా మక్కాలో దిగే రోజుల్లోనే పడుద్దండి" అన్నాడు, కరెంటు కోత టైము గురించి మాట్లాడుతున్నట్టు.

ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఆ విషయం మాటల్లోకి వచ్చింది లేదు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండకూడని రోజుల్లో కూడా ఆమె అందరితోపాటే తెల్లవారకముందే లేచి సహరీ వండి, ఉపవాసం ఉన్నట్టే తిరిగి, మధ్యాహ్నం వంటింట్లో తలుపు చాటున గోడకేసి తిరిగి ఇంత ముద్ద మింగేది. మామగారికీ మరిదికీ తెలియకూడదని పెళ్ళైన కొత్తలో అత్తగారే నేర్పింది. అంత జాగ్రత్తగా దాచుకున్నది ఇప్పుడు ఫోనెక్కి ఊరు దాటిపోయింది.

నరసాపురం చుట్టుపక్కల చేపల చెరువుల మీద మోటారు కాలిపోతే మీరావలి షాపుకే తెస్తారు. పనిమంతుడని అతనికి పేరు. తల్లంటే ప్రాణం పెడతాడని ఇంకో పేరు. ఆ రెండో పేరు ఊరికే రాలేదు. తల్లి కాశింబీకి పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయిన దగ్గర్నుంచీ ఆమెకు ఒక్కరోజు స్నానం తప్పలేదు, ఒంటి మీద ఒక్క పుండు పడలేదు, జావ తాగే వేళ దాటలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆమె అంత శుభ్రంగా ఉండటం చూసి, కొడుకంటే ఇలా ఉండాలని మీరావలి భుజం తట్టి వెళ్ళేవారు. గౌసియా వాళ్ళకి టీ ఇచ్చి, ఆ గ్లాసులు కడుక్కునేది.

తల్లిని ఉమ్రా యాత్రకి తీసుకెళ్ళాలన్నది అతని మొక్కు లాంటిది. చుట్టాలందరికీ అలాగే చెప్పాడు, అమ్మని మక్కా తీసుకెళ్తున్నాను, చూసుకోడానికి గౌసియా వస్తుందని. గౌసియా ఉమ్రాకి వెళుతోందని ఎవరూ అనలేదు. ఆమెకు మాత్రం లోపల ఉంది. మొగల్తూరులో పుట్టింటి వీధిలో ఎవరు హజ్ నుంచి వచ్చినా వాళ్ళమ్మ వెళ్ళి మక్కా బావిలోని జమ్‌జమ్ నీళ్ళు అడిగి తెచ్చి, సీసా మూతతో పిల్లలకి తలా ఒక మూతెడు పోసేది. ఆ నీళ్ళు మింగి, అవి పుట్టిన చోటు ఎలా ఉంటుందోనని చిన్నప్పుడు గౌసియా కళ్ళు మూసుకుని చూడబోయేది. ఇప్పుడు కళ్ళు తెరిచి చూడబోతోంది. ఆ సంతోషం ఎవరితోనూ చెప్పుకోలేదు. చెబితే ఎవరో ఒకరు, నువ్వు వెళ్ళేది అత్తగారి కోసం కదా అంటారని భయం.

భీమవరంలో టూరువాళ్ళు పెట్టిన క్లాసులో ఆడవాళ్ళకి షంషాద్ ఆపా పాఠం చెప్పింది. మండపేటలో స్కూలు టీచరు. ఆ గ్రూపులోనే ఆమె కూడా వస్తోంది. నెలసరి మాట రాగానే ఆడవాళ్ళంతా దగ్గరకి జరిగారు. అది రాకుండా ఆపే బిళ్ళలు వేసుకోవడం తప్పు కాదనీ, ఒంటికి పడకపోతే మాత్రం వేసుకోకూడదనీ, అది వచ్చినా నమాజూ, హరం మసీదులో కాబా చుట్టూ తిరిగే తవాఫూ ఆగుతాయే తప్ప, అల్లాని వేడుకునే దువా ఆగదనీ ఆపా చెప్పింది. ప్రవక్త భార్య ఆయిషా బీబీకి కూడా హజ్ దారిలో అదే వచ్చి ఏడ్చిందనీ, ఆదం కూతుళ్ళందరికీ అల్లా రాసిపెట్టినదే కదా అని ప్రవక్త ఓదార్చారనీ చెప్పింది. తాను బిళ్ళలు వేసుకోవడం లేదని కూడా చెప్పింది. బ్రతుకులో ఒక్కసారి వెళ్ళేది, అక్కడిదాకా వెళ్ళి గదిలో కూర్చోవాలా అని తణుకు నుంచి వచ్చిన ఒకావిడ అంది. కిందటేడు వేసుకుంటే ఒళ్ళంతా ఉబ్బిపోయి, అయినా మరకలు ఆగక, ఏది శుద్ధో ఏది కాదో తెలియక ఏడ్చానని ఇంకొకావిడ అంది. కొత్తగా పెళ్ళైన పిల్ల మాత్రం, మా అత్తగారు ఇప్పటికే కొనేశారని మెల్లగా చెప్పింది.

గౌసియా సంగతి వేరు. రెండో కాన్పు తర్వాత ఆమె ఎడమకాలు వాచి, పిక్కలో నెత్తురు గడ్డకట్టింది. అది ఊపిరితిత్తుల్లోకి ఎక్కితే మనిషి దక్కదని అప్పట్లో డాక్టరమ్మ చాలా రోజులు ఆసుపత్రిలోనే ఉంచింది. ఇకమీదట ఇలాంటి హార్మోను బిళ్ళల జోలికి వెళ్ళొద్దని మరీ మరీ చెప్పింది. గౌసియా ఇప్పుడు మళ్ళీ ఆమె దగ్గరికే వెళ్ళి అడిగింది. వద్దంటే వద్దంది డాక్టరమ్మ. ఆ సాయంత్రమే మీరావలి మందులషాపులో బిళ్ళలు అడిగి కొనుక్కొచ్చాడు.

ఎదురింటి సూర్యకళ లేసు అల్లుతూ ఆ అట్ట చూసి గుర్తుపట్టింది. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళికీ వ్రతానికీ గృహప్రవేశానికీ ఆ బిళ్ళలేనంది. తను ఆడపడుచు పెళ్ళికి వేసుకుని తలనొప్పితో పడిపోయిందట, అయినా వడ్డన ఆపలేదట. "వద్దని చెప్పొచ్చుగా మీ ఆయనకి" అంది. ఎలా చెప్పాలో మాత్రం ఆమెకీ తెలియలేదు.

గౌసియా చెప్పింది. అన్నం పెట్టి, అతను తినడం అయ్యేదాకా ఆగి, డాక్టరమ్మ అన్నదంతా చెప్పింది.

"డాక్టర్లు ప్రతిదానికీ అలాగే అంటారు. నాలుగు రోజులు వేసుకునే బిళ్ళకి ఏమవుద్ది? గ్రూపులో అందరూ వేసుకుంటున్నారంట" అన్నాడు మీరావలి.

"ఆ రోజుల్లో అత్తమ్మని మీరు చూసుకోలేరా?"

"చక్రాల కుర్చీ తోస్తాను. మిగతావి? అమ్మకి నేను చేస్తానా? ఏం మాట్లాడుతున్నావు?"

అతనికి నిజంగానే ఆశ్చర్యంగా ఉంది. తల్లి కోసం ప్రాణం ఇస్తానన్న మనిషి, తల్లికి బట్ట మార్చడం అన్న మాటకి తిన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. గౌసియాకి అప్పుడు అర్థమైంది. ఆపాల్సింది తన నెత్తురు ఒక్కటే కాదు. అతని చేతులు తల్లి ఒంటిని తాకాల్సిన అవసరం రాకుండా ఆపాలి. అందుకు తన ఒళ్ళు అడ్డం పెట్టాలి.

అయినా ఆమె ఇంకా గట్టిగానే ఉండేదేమో. పక్కగదిలోంచి కాశింబీ పిలిచింది. మాట ముద్దముద్దగా వస్తుంది ఆమెకి. దగ్గరికి రమ్మని సైగ చేసి, గౌసియా మణికట్టు పట్టుకుంది. "వాడి చేత వద్దే. వాణ్ణి కన్నదాన్ని. వాడి ముందు బట్ట విప్పించుకోమంటావా? దానికంటే ఇక్కడే పోతాను, ఎక్కడికీ వద్దు" అంది. అత్తగా ఆజ్ఞాపించి ఉంటే గౌసియా మనసులోనైనా తిట్టుకునేది. ఆమె ఏడుస్తోంది. ఆ ఏడుపు కూడా మొహంలో ఒక పక్కనే కదులుతోంది. ఆ ముసలి ఒంటి సిగ్గుకీ తన కాలికీ మధ్య ఏది పెద్దదో తూచడానికి గౌసియాకి రాలేదు. మర్నాడు వేళకి మంచినీళ్ళతో బిళ్ళ మింగింది.

విమానంలో కాశింబీకి ఒరిగి పడుకోడానికి తన ఒడి ఇచ్చి, గౌసియా కదలకుండా కూర్చుంది. దిగేసరికి ఎడమ పిక్క బరువుగా ఉంది. జెడ్డా నుంచి మక్కా వెళ్ళే బస్సులో సలుపు మొదలైంది. మీరావలికి చెప్పింది. బామ్ రాసుకోమన్నాడు. హోటల్లో దిగి, అత్తగారిని కడిగి, బట్టలు మార్చి, జావ పట్టి, మళ్ళీ చెప్పింది. "ఇక్కడికొచ్చి కాళ్ళనొప్పులంటే ఎలా? అందరికీ ఉన్నాయి. మనసులో గట్టిగా అనుకో, అదే పోద్ది" అన్నాడు. అతను కోపంగా అనలేదు, యాత్రకి కట్టే తెల్లటి ఇహ్రాం గుడ్డల్లో ఎన్నడూ లేనంత శాంతంగా ఉన్నాడు. లిఫ్టు దగ్గర గఫార్ గారితో, మా ఆవిడకి కాస్త కాలునొప్పి అని అతనే నవ్వుతూ చెప్పాడు. గఫార్ గారూ నవ్వి, నొప్పికి కూడా పుణ్యం ఉంటుందమ్మా అన్నారు.

సాయంత్రం అసర్ నమాజు కాగానే అందరూ హరంకి బయలుదేరాలి. గౌసియా బాత్రూంలోకి వెళ్ళి సల్వారు పైకి లాగి చూసుకుంది. పిక్క ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. చెయ్యి వేస్తే కాలుతోంది. ఆ కాలు ఆమెకు తెలుసు. ఇంతకుముందు ఒకసారి ఇలాగే చూసింది. ఈ కాలితో గంటలకొద్దీ తిరగాలి, అత్తగారిని కుర్చీలోంచి దించాలి, ఎక్కించాలి. గదిలో అందరూ ఆమె కోసమే చూస్తున్నారు. నొప్పి అని ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పిందో, అన్నిసార్లూ ఆ మాట అక్కడే రాలిపోయింది. ఇంకోసారి చెప్పినా అంతే. ఇంకేం చెబితే ఆగుతారు?

గౌసియా తలుపు తీసుకుని వచ్చి, "నాకొచ్చింది" అంది.

మీరావలి రెండడుగులు వెనక్కి వేశాడు. గుమ్మంలో నిలబడ్డ గఫార్ గారు చూపు నేలకి దించి పక్కకి తప్పుకున్నారు. "బిళ్ళలు వేసుకున్నావుగా?" అన్నాడు మీరావలి.

"వేసుకున్నాను. అయినా వచ్చింది."

ఎవరూ ఇంకేమీ అడగలేదు. నొప్పి అంటే ఒక్కరూ ఆగలేదు, ఆ ఒక్క మాటకి అందరూ ఆగిపోయారు. ఇన్నేళ్ళ కాపురంలో తను చెప్పిన మాటని మారు అడక్కుండా నమ్మడం అదే మొదటిసారి. ఆ మాట అబద్ధం. అదీ ఇక్కడ, ఇహ్రాం దీక్షలో ఉండి. గౌసియా ముందుకొచ్చి, అత్తగారి వైపు చూడకుండా, డైపర్లూ తడిగుడ్డలూ ఉన్న సంచీ తెచ్చి భర్త చేతిలో పెట్టింది. అతను దాన్ని ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని కుర్చీ తోసుకుంటూ వెళ్ళాడు. కుర్చీలో ముసలామె తల వంచుకుని ఉంది.

తలుపు గడియ పెట్టుకుని, మంచం మీద కూర్చునే గౌసియా నమాజు చదువుకుంది. నెలసరిలో నమాజు ఉండదు, ఆ మాట అన్నాక ఎవరి ముందూ చదవడానికి లేదు. ఇంత దూరం వచ్చి, ఆ నల్లటి ఇల్లు నాలుగు వీధుల అవతల ఉండగా, తన నోటితోనే తను దారి మూసుకుంది. క్షమించమని అడిగింది. ఏం తప్పుకి క్షమించాలో సరిగ్గా చెప్పలేకపోయింది.

షంషాద్ ఆపాకి నిజంగానే నెలసరి వచ్చి పక్కగదిలో ఉండిపోయింది. గౌసియా వెళ్ళి కాలు చూపించింది. ఆపా ఆ కాలు చూసి వెంటనే బురఖా వేసుకుని, ఆమెను టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ కేరళ నర్సు ఒకామె ఇంగ్లీషులో ఏవేవో అడిగింది, ఆపా తెలుగులో చెప్పింది. ఇప్పుడు నెలసరిలో ఉన్నావా అని ఒక ప్రశ్న. గౌసియా ఆపా మొహంకేసి చూసి, లేదని తల ఊపింది. ఆపా ఒక్క క్షణం ఆగింది. తర్వాత నర్సు వైపు తిరిగి, లేదట అని చెప్పి, గౌసియా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

స్కాన్ చేశారు. గడ్డ కట్టింది కానీ ఇంకా పైకి పాకలేదన్నారు. పొట్టలో ఇంజెక్షను చేసి, కాలికి కట్టు వేసి, బిళ్ళలు ఆపేయమనీ, కాలు ఎత్తులో పెట్టుకుని పడుకోమనీ, బరువులు ఎత్తొద్దనీ, ఊపిరి ఆడకపోతే ఆ క్షణమే రమ్మనీ చెప్పారు. ఇంకో రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు ఆపాకి చెప్పాడు. అది ఆపా తెలుగు చెయ్యలేదు.

మీరావలి వచ్చేసరికి గౌసియా కాలి కింద దిండ్లు పెట్టుకుని పడుకుని ఉంది. ఉమ్రా ముగించి నున్నగా గుండు చేయించుకుని ఉన్నాడు, మొహం వాడిపోయింది. మధ్యలో తల్లికి అవసరం పడిందనీ, తనే బాత్రూంలోకి తీసుకెళ్ళాల్సి వచ్చిందనీ గోడకేసి చూస్తూ చెప్పాడు. ఆపా ఆసుపత్రి సంగతంతా చెప్పింది. అతను కట్టు వేసిన ఆ కాలికేసి చూశాడు.

"ఇంత నొప్పిగా ఉంటే ముందే చెప్పొచ్చుగా" అన్నాడు.

ఆపా లేచి తన గదికి వెళ్ళిపోయింది. తినడానికి ఏమైనా తెస్తానని అతనూ బయటికి వెళ్ళాడు.

పక్క మంచం మీద కాశింబీ కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకుంది గౌసియా. ఈ అవమానమంతా తన అబద్ధం వల్లే ఈమెకి జరిగింది. అడిగితే ఏం చెప్పాలి?

"వచ్చిందా నిజంగా?" అంది కాశింబీ, కళ్ళు తెరవకుండానే.

ఆ చోట, ఆ అబద్ధం రెండోసారి గౌసియా నోటికి రాలేదు.

కాశింబీ కళ్ళు తెరిచి కప్పుకేసి చూసింది. బయట వీధిలో జనం నడిచే చప్పుడు వినిపిస్తోంది. ఆ తర్వాత ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది.

"మీ మామ రాత్రిళ్ళు పిలిచినప్పుడు, నేనూ చెప్పేదాన్నే, వచ్చిందని. ఒక్కో నెల రెండుసార్లు కూడా చెప్పాను. ఆయనెప్పుడూ లెక్క చూసుకోలేదు."