పడుగు గీతలు

భార్య విశాలాక్షి పోయి యాభై రోజులైంది. ఈశ్వరయ్య కొడుకుతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఏప్రిల్‌లో కరోనా రెండోసారి సూరత్ మీద పడ్డప్పుడు, పక్కగదిలో తల్లి ఆయాసపడుతుంటే జితేందర్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మీటింగులో కూర్చున్నాడు. ఈశ్వరయ్య షిఫ్టు దిగి వచ్చేసరికి ఆమె గోళ్లు నల్లబడ్డాయి. ఆ నేరానికి ఆయన దగ్గర మాఫీ లేదు.

సూరత్‌లోని భేస్తాన్‌లో వాళ్లది రెండు గదుల ఇల్లు. ముప్పై ఏళ్లుగా మరమగ్గాల మీద, వాళ్ల మాటలో సాంచెల మీద, పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించడమే ఈశ్వరయ్య పని. జితేందర్‌ది కంప్యూటర్ పని. మగ్గాలు తయారుచేసే ఒక కంపెనీ అతన్ని మూడు నెలలు పరీక్షకు పెట్టుకుంది. లాక్‌డౌన్‌కు ఊళ్లకు పోయిన పాత పనివాళ్లు తిరిగి రాలేదు. కొత్తవాళ్లకు నేర్పడానికి, మగ్గంలో పోగులు ఎలా నడుస్తాయో తెర మీద బొమ్మ కావాలి. రేపు పదకొండింటికి కంపెనీ మాస్టర్‌కు చూపించాలి. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే ఇంటికి.

గీసే పద్ధతి కష్టమైందేమీ కాదు. బొమ్మలు గీసిపెట్టే రెడీమేడ్ ప్రోగ్రాం, త్రీడీ గ్రాఫిక్స్ లైబ్రరీకి, ఒక్కో బిందువుకు మూడు అంకెలు ఇవ్వాలి: ఎంత పక్కకి, ఎంత పైకి, ఎంత లోపలికి. వరుసగా ఇస్తూ పోతే అది వాటిని కలుపుతూ ఖాళీలో గీత లాగుతుంది.

"బాపూ, జర ఇటు చూడు. పడుగు సరిగ్గ ఉన్నదా?"

నల్లటి తెర మీద తెల్లటి పోగులు. జితేందర్ మౌస్ కదిపితే మగ్గమంతా గాల్లో తిరిగింది. ఈశ్వరయ్య ఒక్క చూపులో తప్పు పట్టాడు. పడుగు చుట్టిన వెనక బీము నుంచి ముందుకొచ్చిన పోగు అక్కడ ఆగకుండా, ఏటవాలుగా వెనక్కి పోయి రెండో పోగవుతోంది. అంతా ఒకటే దారం. మగ్గం మీద ఏ పోగుకా పోగే. ముందుకొచ్చింది గుడ్డలో కలవాల్సిందే. సొంతూళ్లో విశాలాక్షి గుంజల మధ్య పడుగు పోసేటప్పుడు మాత్రం దారం అలా పోయి, మళ్లీ వచ్చేది. చిన్నప్పుడు తల్లి వెంట తిరిగి చూసిందే గీశాడు వెధవ.

"బాగున్నది," అన్నాడు.

"నిజంగనా?"

"ఒకపారి చెప్తే ఇనవడదా?"

మరునాడు వీడియో కాల్‌లో బొమ్మ చూసి మాస్టర్ పగలబడి నవ్వాడు. "అరే భాయ్, యే ధాగా వాపస్ కైసే ఆయా? పోగు వెనక్కెలా వచ్చింది? ఇది మగ్గమా, నులక మంచమా?" నాలుగింటి దాకా గడువిచ్చి ఫోను పెట్టేశాడు.

జితేందర్ తండ్రి వైపు తిరిగాడు. "నీకు తెలుసు."

"తెలుసు."

"మరెందుకు చెప్పలే?"

"మీ అమ్మ దమ్ము అందుతలేదంటే నువ్వేం జేసినవ్? జర ఆగుమన్నవ్. నేను గూడ ఆగిన."

"ఆనాడు పొద్దుగాల పోవద్దని అమ్మ నీ చెయ్యి పట్టుకున్నది. ఇడిపించుకొని సాంచెల మీదికి పోయినవ్. అది మర్సినవా?"

ఈశ్వరయ్య మంచం మీద నుంచి కదల్లేదు. "‘అమ్మను నేనే సంపిన’ అను. ఒక్కపారి అను. పోగు ఎట్ల నడుస్తదో చెప్త."

జితేందర్ మాస్కు తగిలించుకుని బయటికి పోయాడు. పది నిమిషాల్లో పక్క గల్లీ రాజమల్లును వెంటబెట్టుకొచ్చాడు. ఈశ్వరయ్య దగ్గరే పని నేర్చి, ఆయన్నే దాటి మేస్త్రీ అయినవాడు రాజమల్లు. ఆ ఇంటి గడప ఆయన వాణ్ని ఏనాడూ తొక్కనివ్వలేదు.

"ఏంది బిడ్డా, గింత దానికి నన్ను పిలవాల్నా? ఇంట్ల గురువును పెట్టుకొని!" అని రాజమల్లు తెర మీదికి వంగాడు. "ఏ పోగుకా పోగు తెంపు బిడ్డా. ఇది మొదలు, ఇది కొస. మల్ల ఇంకోటి."

జితేందర్ ప్రోగ్రాంలో ఒక్క మాట మార్చాడు. బిందువుల్ని గొలుసులా కాక జతజతగా కలపమని చెప్పాడు. ఏటవాలు గీతలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. పోగులు విడివిడిగా, తిన్నగా నిలబడ్డాయి. తప్పు పట్టడానికి ఈశ్వరయ్యకు ఏమీ దొరకలేదు. వెతికాడు.

నాలుగింటికి మాస్టర్ "హా, అబ్ ఠీక్ హై" అన్నాడు. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నాడు.

"కొడుకు గెలిసిండన్నా, చాయ్ పోయించు!" అన్నాడు రాజమల్లు.

"నీ ఇంట్ల తాగుపో."

రాజమల్లు లేవబోయాడు. జితేందర్ అతని భుజం నొక్కి కూర్చోబెట్టి, తనే స్టవ్ వెలిగించాడు. తనకూ రాజమల్లుకూ రెండే గ్లాసులు కడిగాడు.